ముందు ఎడమ టైరు

లిఫ్టాయన రోజూ పొద్దున్నే కారు తీసేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లనీ బూటుకాలితో తలా ఒక తన్ను తన్నేవాడు. అది పరీక్షో పలకరింపో ఆయనకే తెలియదు. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టులు ఆయన చేతి చలవ వల్లే పైకీ కిందికీ తిరుగుతుంటాయి కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అనే పిలిచేవారు. ఇంట్లో తల్లికి మాత్రం కోపం వచ్చినప్పుడే ఆయన లిఫ్టాయన, మిగతా వేళల్లో "ఒరేయ్".

ఒక సోమవారం టైర్లు తన్నడం అయ్యాక కూర్చుని తాళం తిప్పితే స్టీరింగు వెనక పసుపుపచ్చ దీపం వెలిగింది. ముందు ఎడమ టైరులో గాలి తక్కువగా ఉందని దాని పక్కన రాసి ఉంది. దిగి చూశాడు. టైరు నిక్షేపంలా ఉంది. అయినా దీపం వెలిగాక కంటిని నమ్మే మనిషి కాదాయన. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన నేర్చుకున్న చదువంతా ఒక్కటే ముక్క: బోర్డు మీద ఏ నంబరు వెలిగితే ఆ అంతస్తుకే పోవాలి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు వంద చెప్తారు, చెవిలో వేసుకోకూడదు. పెట్రోలు బంకుకి వెళ్ళి ఆ టైరుకి గాలి కొట్టించాడు. ఇక చాలని మిషను కుయ్యోమంటున్నా ఇంకాస్త కొట్టమన్నాడు. దీపం ఆరలేదు. మర్నాడు మళ్ళీ కొట్టించాడు. వారం తిరిగేసరికి ఆ టైరు రాయిలా బిగిసిపోయింది, దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. తప్పు మిషనుదేనని తేల్చుకుని ఆయన ఇంకో బంకుకి మారాడు.

ఆ వారంలోనే గుండెల్లో నొప్పి మొదలైంది.

నొప్పి రాగానే ఆయన తన గుండె గురించి కంగారు పడలేదు. తల్లి గుండె గురించి కంగారు పడ్డాడు. ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరి నొప్పి వాళ్ళకి రాదు. దెబ్బ ఒకరికి తగిలితే బాధ ఇంకొకరికి చేరేది. గాయం, వాపు, జ్వరం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయి, నొప్పి ఒక్కటే చెయ్యి మారుతుంది. ఎవరిది ఎవరికొస్తుందో ఇంటిల్లిపాదికీ ఎక్కాల్లా కంఠతా వచ్చు. పెద్దావిడ నొప్పి కొడుక్కి. కొడుకు నొప్పి ఆయన భార్యకి. భార్య నొప్పి కూతురికి. కూతురి నొప్పి తిరిగి నానమ్మకి. కూతురు పుట్టకముందు ఇంట్లో ముగ్గురే కాబట్టి, కోడలి పురిటి నొప్పులన్నీ అత్తగారే పడింది. కోడలు లోపల పక్క గదిలో హాయిగా పత్రిక తిరగేస్తుంటే, పెద్దావిడ వరండాలో స్తంభం పట్టుకుని పద్నాలుగు గంటలు అరిచింది. "రెండోసారి పడే ఓపిక నాకు లేదమ్మాయ్" అని ఆవిడ అప్పుడే తేల్చి చెప్పడంతో ఆ ఇంట్లో ఒక్కతే పిల్ల.

వీధి చివర క్లినిక్కు నడిపే డాక్టరమ్మకి ఇదంతా అలవాటే. ఈ ఇంటి చీటీల మీద ఆవిడ రెండు గళ్ళు గీసుకునేది, నొప్పి ఎవరికి, జబ్బు ఎవరికి అని. మందు మింగాల్సింది జబ్బు ఉన్నవాళ్ళు. నొప్పి పడేవాళ్ళు గుప్పెడు మాత్రలు మింగినా గోడకి మింగించినట్టే.

లిఫ్టాయన తల్లిని తీసుకెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాడు. ఆవిడ ఛాతీకి తీగలు తగిలించి కాగితం తీసింది. గీతలన్నీ బుద్ధిగా ఉన్నాయి. ఈ వయసులో గీతల్ని నమ్ముకుని కూర్చోలేమని, ఎందుకైనా మంచిదని, డాక్టరమ్మ రెండు రకాల మాత్రలు రాసి మంచం దిగొద్దంది.

"నాకేం లేదురా" అంది పెద్దావిడ ఇంటికొచ్చే దారిలో. "రాయిలా ఉన్నాను."

"నీకెలా తెలుస్తుందమ్మా? నొప్పి నాకు కదా వచ్చేది."

ఆ ఇంట్లో ఎవరూ తమ ఒంటి గురించి తాము సాక్ష్యం చెప్పుకోలేరు. నాకేం కాలేదని ఎంత మొత్తుకున్నా, దాచుకుంటున్నారనే అనుకుంటారు.

మాత్రలు మింగినా నొప్పి తగ్గలేదు. పెరిగింది. మెకానిక్కు బుద్ధి కొద్దీ లిఫ్టాయన ఒక నోటు పుస్తకం పెట్టి టైములు రాయడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఎనిమిదింపావుకి బిగుసుకుంటుంది. ఎనిమిదిన్నరకి వదుల్తుంది. పన్నెండుకి మళ్ళీ. సాయంత్రం నాలుగున్నరకి అన్నిటికంటే గట్టిగా, రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టు. ఆదివారాలు కొంచెం తెరిపి. పొద్దున్న ఎనిమిదింపావుకి ఏం చేస్తున్నావని తల్లిని నిలదీస్తే, పేపరు చదువుతున్నానంది. పేపరులో చావులూ ప్రమాదాలూ చదివి గుండె అదిరిపోతోందని పేపరు మాన్పించాడు. పన్నెండింటికి కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నానంటే, కిటికీ మూయించాడు. ఉప్పు తగ్గించాడు. మేడ మెట్లు బందు చేశాడు. నాలుగున్నరకి ఏం చేస్తున్నావంటే ఏమీ చెయ్యట్లేదు, కళ్ళు మూసుకుని పడుకున్నానంది. ఇక దానికి ఏం మాన్పించాలో ఆయనకి తోచలేదు.

ఒకరోజు పదకొండంతస్తుల మేడ మీద, మోటారు గదిలో పని చేస్తుండగా నొప్పి వచ్చి చతికిలబడ్డాడు. పానా జారి చేతి బొటనవేలి మీద పడింది. ఆ దెబ్బ నొప్పి తనకి రాదు కాబట్టి ఆయన దాన్ని గమనించనే లేదు కానీ, గుండెల్లో బరువు మాత్రం ఆయనదే, దాన్ని దింపే దారి ఆయన చేతిలో లేదు. తన జబ్బయితే మందు తానే మింగేవాడు, కత్తి కోతకి తానే పడుకునేవాడు. ఇది తల్లి గుండె మోగిస్తున్న గంట. గంట మోగుతున్నంతసేపూ అక్కడ అమ్మ ఏమైపోతోందోనని మోటారు గదిలో, గ్రీజు చేతులతో, ఆయన ఏడ్చాడు. కాసేపటికి లేచి పని మధ్యలో ఆపేసి ఇంటికి పరిగెత్తాడు. ఆ రెండు నెలల్లో అలా చాలా పనులు మధ్యలో ఆగాయి.

ఇంటికెళ్తే పెద్దావిడ మంచం మీద కూర్చుని బొటనవేలు చప్పరిస్తోంది. ఉన్నట్టుండి వేలు పగిలిపోయేంత నొప్పి వచ్చిందట. కూతురే ఎక్కడో తలుపు సందులో వేలు పెట్టుకుని ఉంటుందని, సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఆ పిల్లకి జాగ్రత్తగా ఉండటం గురించి ఇద్దరూ కలిసి అరగంట పాఠం చెప్పారు. పది వేళ్ళూ చూపించినా ఆ పిల్ల మాట ఎవరూ వినలేదు. కూతురికి మాత్రం మోకాళ్ళు సలుపుతున్నాయని, రోజంతా నిలబడి పని చేస్తుంది కదా అని ఆ పిల్ల తల్లికి మోకాలి పట్టీలు కొన్నారు. భార్యకి సాయంత్రమయ్యేసరికి కళ్ళ వెనక తలనొప్పి వస్తోందని లిఫ్టాయన కళ్ళజోడు మార్పించారు. కొత్త అద్దాల్లో ఆయనకి మెట్లు వంకరగా కనిపించేవి. అయినా పెట్టుకునే తిరిగాడు. అందరూ అందరి కోసం ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు, ఎవరికీ ఏదీ తగ్గలేదు.

ఒక ఆదివారం పొద్దున బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు, డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెబుతాడు, కారు కనబడితే ఇంట్లోకి రాకముందు దాని బాగోగులు అడిగే రకం. తాళం తిప్పి దీపం చూసి, టైరు నొక్కి చూసి, ఇదేంటి బావా ఇలా బండరాయిలా ఉందన్నాడు. లిఫ్టాయన తన రెండు నెలల గాలి పురాణం చెప్పాడు.

"ఈ మధ్య టైర్లు మార్పించావా?"

"మార్పించలేదు. అరుగుదల సమానంగా ఉంటుందని అటువి ఇటు వేయించాను. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి, మూలకి మూల."

"షాపతను ఆ సంగతి బండికి చెప్పాడా?"

"బండికి చెప్పడమేమిట్రా?"

బావమరిది నవ్వలేదు. ఇలాంటివి రోజూ చూస్తాడు. ఒక్కో టైరులో ఒక్కో సెన్సరు ఉంటుందని, గాలి ఎంతుందో అది బండికి కబురు పెడుతూ ఉంటుందని, ఏ సెన్సరు ఏ మూలన ఉందో బండి ఒకసారి నేర్చుకుంటుందని చెప్పాడు. "టైర్లు స్థలాలు మారినా బండికి తెలియదు బావా. పాత లెక్కే పట్టుకుని వేలాడుతుంది. అక్కడేదో టైరు నాకు గాలి లేదు మొర్రో అంటుంటే, నువ్వేమో బాగున్నదానికి పెడుతున్నావు." స్కూలు బళ్ళకి వాడే పరికరం ఒకటి తన సంచిలోంచి తీసిచ్చి, ఎలా వాడాలో రాసున్న కాగితం ఇచ్చి, పాఠానికి టైమైందని వెళ్ళిపోయాడు.

పరికరం సెల్‌ఫోనంత ఉంది, కొంచెం లావు, నెత్తి మీద పొట్టి కొమ్ము. లిఫ్టాయన కాగితం రెండుసార్లు చదివాడు. తాళం తిప్పాలి, ఇంజను ఆన్ చెయ్యకూడదు. బోర్డులో టైర్ల పేజీకి వెళ్ళి బొత్తాం నొక్కి పట్టుకుంటే హారను రెండుసార్లు మోగుతుంది, అంటే బండి నేర్చుకోడానికి సిద్ధమైందని. అప్పుడు ముందు ఎడమ నుంచి మొదలుపెట్టి, గాలి కొట్టే మూతి పక్కన పరికరాన్ని ఆనించి నొక్కాలి. లోపల కునుకు తీస్తున్న సెన్సరు లేచి పలికితే హారను ఒకసారి మోగుతుంది. తర్వాత ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. వరస తప్పకూడదు, ఆలస్యం కాకూడదు, మధ్యలో వదిలేస్తే మళ్ళీ మొదటికే.

మొదటిసారి వెనక కుడి దగ్గర నొప్పి వచ్చింది. పైన డాబా మీద భార్య తడి దుప్పట్లు ఎత్తి తాడు మీద వేస్తోంది. ఆయన టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ పట్టుకుని, లోపల అమ్మ మంచం మీదే ఉందో లేదోనని కిటికీ వైపు చూశాడు. గడువు దాటిపోయి హారను రెండుసార్లు అరిచి ఊరుకుంది. ఆదివారం పూట ఏమిటీ సంతని పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. నొప్పి వదిలాక ఆయన మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఒక చక్రం, ఒక హారను. రెండో చక్రం, రెండో హారను. నాలుగోది కాగానే రెండు కూతలు వరసగా వినిపించాయి. వెళ్ళి బోర్డు చూశాడు.

ముందు ఎడమ టైరులో ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ గాలి. వెనక కుడి టైరులో అందులో సగం కూడా లేదు.

ఆయన వెనక్కి నడిచి ఆ టైరు చూశాడు. వంగి చూస్తే నేలకి ఆనుకునే చోట కాస్త చప్పిడిగా ఉంది. రెండు నెలలు రోజూ తన్నిన టైరే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు ముందు ఎడమ, ముందు ఎడమ అంటూ ఊళ్ళో బంకులన్నీ తిరిగాడు. దేనికి కావాలో దానికి ఒక్క బుడగంత గాలి పోయలేదు. ఇంకో వారం ఇలాగే తిరిగితే ఎక్కడో ఒక మలుపులో పేలి ఉండేది.

అన్నానికి రమ్మని పైనుంచి పిలుపు వచ్చింది. చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి, భోజనాల బల్ల ఉన్న గది గడపలోకి వచ్చి ఆగిపోయాడు. నలుగురికీ నాలుగు కుర్చీలు. ఎడమవైపు గోడ దగ్గర కుర్చీలో తల్లి కూర్చుంది. ఆయన కుర్చీ పక్కన భార్య కూర్చుంది. రోజూ చూస్తున్నదే. కానీ ఇరవయ్యేళ్ళు ఆయన పక్కన కూర్చున్నది తల్లి.

"మీరిద్దరూ కుర్చీలెప్పుడు మార్చుకున్నారు?"

వానలు మొదలైనప్పుడని, రెండు నెలలు దాటిందని భార్య చెప్పింది. అత్తయ్యకి లేచేటప్పుడు మోకాళ్ళు సహకరించట్లేదని, గోడ ఆసరాగా ఉంటుందని తన కుర్చీ ఆవిడకిచ్చానంది. ఇప్పుడదెందుకని కూతురు అడిగింది. లిఫ్టాయనకి పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కోడలి నొప్పి మొదట్లో అత్తగారికి వచ్చేది. పిల్ల పుట్టి, అన్నం తినే వయసొచ్చి, ఇద్దరి మధ్యా ఒక పొడుగు కుర్చీ వేశాక, అప్పటినుంచి పిల్లకి రావడం మొదలైంది. రక్తసంబంధం కదా అనుకున్నారంతా. నొప్పి పోయేది మనిషిని బట్టి కాదు, పక్క కుర్చీని బట్టి అని ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాత ఎవరూ చోటు మారలేదు కాబట్టి తట్టే అవసరమూ రాలేదు.

కంచాలు పక్కకి జరిపి అందరినీ చేతులు బల్ల మీద పెట్టమన్నాడు. ముందు తల్లి మణికట్టు పట్టుకుని గట్టిగా గిల్లాడు. ఆవిడ కదల్లేదు. కూతురు "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. కూతుర్ని గిల్లాడు. భార్య ఉలిక్కిపడింది. తనని తాను గిల్లుకున్నాడు. పెద్దావిడ చెయ్యి విదిలించుకుని, "ఎందుకురా నన్ను చంపుతావు" అంది.

మూడు తేలాక నాలుగోది చూడక్కర్లేదు. అయినా కాగితంలో నాలుగూ పూర్తి చెయ్యాలనే ఉంది. భార్య చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. సబ్బు నీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. గిల్లమని ఆవిడే అంది. గిల్లాడు. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆయన కుడి మణికట్టు మీద చురుక్కుమంది.

పెద్దావిడే ముందు తేరుకుంది. "మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, నాకేం లేదని" అంది. అనేశాక, ఆ మాటకి అర్థమేమిటో తట్టి, కోడలి వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లిఫ్టాయన నోటు పుస్తకం తెచ్చి తెరిచాడు. "ఎనిమిదింపావుకి నువ్వేం చేస్తుంటావు?"

ఆవిడ ఒక హాస్టలు లాండ్రీలో పనిచేస్తుంది. ఎనిమిదింపావుకి దుప్పట్లు పైకి చేరవేస్తానంది. పన్నెండుకి ఇంకో విడత. నాలుగున్నరకి అన్నీ కలిపి, తడివి, నాలుగో అంతస్తుకి.

"లిఫ్టు ఉంది కదా అక్కడ."

"పాడైంది కదండీ. రెండు నెలలైంది. మీకు చెప్పాను."

చెప్పింది. రెండుసార్లు చెప్పింది. ఆ హాస్టలు లిఫ్టు ఆయన జాబితాలోనే ఉంది. ఆ నెలలో అది పదకొండోది, తర్వాతి నెలలో ఏడోది. అమ్మకి నొప్పొస్తోందని పనులు మధ్యలో వదిలి ఇంటికి పరిగెత్తిన రోజుల్లో అది అలా వెనకబడి పోయింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"నాకేం లేదండీ" అంది భార్య. "ఈ మధ్య కాస్త ఆయాసం, అంతే. వయసనుకున్నాను."

దాచుకుంటోందని ఈసారి ఎవరూ అనలేదు. నిజంగానే ఆవిడకి తెలియదు. రెండు నెలలుగా ఆవిడ గుండె కేకలు పెడుతుంటే, ఆ కేకలన్నీ పక్క కుర్చీలో మనిషికి వినపడుతుంటే, ఆయన వాళ్ళమ్మకి పేపరు మాన్పించాడు.

కారు బయటికి తియ్యాలంటే వెనక కుడి టైరుకి గాలి కావాలి. భార్యని కుర్చీలోంచి కదలొద్దని చెప్పి, కిందికి వెళ్ళి కాలి పంపు తగిలించి తొక్కడం మొదలుపెట్టాడు. నూట యాభై తొక్కులు, రెండొందలు. సూది నెమ్మదిగా లేస్తోంది. పైన కిటికీ దగ్గర పెద్దావిడ పిక్కలు రాసుకుంటూ నిలబడింది. ఆయన ఆగి పైకి చూస్తే, నా సంగతి వదిలెయ్, నువ్వు కానీమని చెయ్యి ఊపింది. సరిపడా గాలి ఎక్కాక, భార్య ఒక్కో మెట్టు దిగుతుంటే ఒక్కో మెట్టుకీ ఆయన ఛాతీ లెక్క చెప్పింది. బోర్డు మీద దీపం ఆరిపోయి ఉంది. రెండు నెలలు దాని కోసం ఎదురుచూసిన మనిషి ఆ సంగతి గమనించనేలేదు.

డాక్టరమ్మ ఈసారి తీసిన కాగితం చూసి, చీటీలో రెండు గళ్ళలో పేర్లు కొట్టేసి మళ్ళీ రాసింది. మాత్ర ఒకటి నాలుక కింద పెట్టించి, తానే ఫోను చేసి పెద్దాసుపత్రికి పంపించింది. అక్కడి డాక్టరు కుర్రాడు, ముఖంలో నవ్వు తక్కువ. గుండెకి పోయే పెద్ద నాళం దాదాపు పూడుకుపోయిందని చెప్పాడు. కుడి మణికట్టు దగ్గర నుంచి సన్నటి తీగ పంపుతారట. పూడిన చోట చిన్న బుడగ ఊది దారి వెడల్పు చేస్తారట. అన్నీ అయ్యాక తీగ లాగేసి, రక్తం కారకుండా మణికట్టుకి పట్టీ వేసి, ఆ పట్టీలో గాలి నింపుతారట. చీటీ చూసి ఉన్నాడు కాబట్టి లిఫ్టాయన వైపు తిరిగాడు.

"ఆవిడకేం తెలియదు, కబుర్లు చెబుతూ పడుకుంటారు. కష్టం మీకే. బుడగ ఊదినప్పుడు తట్టుకోలేరు. మత్తింజక్షను ఇస్తాం, పక్క గదిలో పడుకోండి."

"వద్దండీ" అన్నాడు లిఫ్టాయన.

"చాలా నొప్పి ఉంటుంది."

"మత్తులో ఉంటే, లోపల మనిషి ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?"

లోపలికి తీసుకెళ్తుంటే భార్య ఆయన వైపు చూసి, బాగా నొప్పేస్తే ఎవర్నయినా పిలవండి, పళ్ళు బిగపట్టుకుని కూర్చోకండి అంది. తన నొప్పి గురించే అంది. తలుపు మూసుకుంది.

వరండాలో ఇనప బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. ఒక పక్క తల్లి, ఒక పక్క కూతురు. తర్వాత ఎప్పుడైనా తాను కొడుకు కుర్చీకి మారతానని, కోడలి నొప్పి ఏదున్నా తనకే రానిమ్మని పెద్దావిడ అంది. అలా అంటూనే కడుపు పట్టుకుంది. "అంత భయపడకురా" అంది మెల్లగా. "నా పేగులు మెలితిరిగిపోతున్నాయి." లిఫ్టాయన ఊపిరి నిదానంగా తీసుకోడానికి ప్రయత్నించాడు. ఆయన చెయ్యగలిగింది అదొక్కటే.

ముందు మణికట్టు దగ్గర సూది పోటు. చేతిలో ఏదో పాకుతున్నట్టు సలపరం. తర్వాత గుండెల్లో బరువు మొదలైంది. రోజూ వచ్చేదానిలాంటిది కాదు. పెరిగింది, ఇంకా పెరిగింది, దవడలోకి పాకింది. బెంచీ అంచు పట్టుకుని వంగిపోయాడు. కూతురు నర్సుని పిలవబోతే చెయ్యి పట్టి ఆపాడు. వదిలింది. మళ్ళీ బిగిసింది. ఈసారి కళ్ళు చీకట్లు కమ్మాయి. నొప్పి ఉన్నంతసేపూ ఆవిడ ఉన్నట్టేనని లోపల లోపల అనుకుంటూ దాన్ని ఆసరాకి గోడ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఉన్నట్టుండి నొప్పి పోయింది.

తగ్గడం కాదు, పోయింది. రెండు నెలల్లో మొదటిసారి ఆయన ఛాతీలో ఏమీ లేదు. ఊపిరి గుండెల నిండా వెళ్ళింది. ఆయన నిటారుగా కూర్చుని తలుపు వైపు చూశాడు. దాని మీద దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఎన్ని పొద్దుల్లో ఎన్నిసార్లు ఇది ఆగిపోతే చాలని మొక్కుకున్నాడు. ఇప్పుడు ఆగిపోయింది. దారి తెరుచుకుంటే నొప్పి ఆగిపోతుంది. మనిషి పోయినా ఆగిపోతుంది. ఈ రెంటికీ తేడా చెప్పే దీపం ఏ బోర్డు మీదా లేదు. తల్లి కడుపు పట్టుకుని ముందుకి వంగిపోయింది. ఏమైంది నాన్నా అని కూతురు అడుగుతోంది. ఆయన రెండు అరచేతులూ రొమ్ము మీద పెట్టుకుని వెతుకుతున్నాడు. ఒక్క పోటు. ఒక్క చురుకు. ఏదో ఒకటి. నర్సు ఒకామె ట్రేతో వెళ్తూ తలుపు తీసి మూసింది. లోపలి నుంచి మాటలేవీ వినబడలేదు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది. నొప్పి రమ్మని ఆయన నోరు విడిచి అడిగాడు.

అప్పుడు కుడి మణికట్టు మీద ఏదో ఒత్తుకుంది. ముందు ఉంగరమంత మెత్తగా. తర్వాత ఇంకొంచెం గట్టిగా. ఎవరో పట్టీ వేసి, అందులోకి కొంచెం కొంచెంగా, కొలిచి కొలిచి, గాలి ఎక్కిస్తున్నారు. ఆయన చెయ్యెత్తి చూసుకున్నాడు. అక్కడేమీ లేదు, ఉత్త చెయ్యి. బిగువు మాత్రం ఒక్కో ఊపిరికీ పెరుగుతోంది, సరిపడా అయ్యాక ఆగింది, ఆగి అలాగే నిలిచింది.

"గాలి నింపుతున్నారు" అన్నాడు కూతురితో. ఆ మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని తలుపు తెరిచేదాకా అలాగే కూర్చున్నాడు.